ఎంత వస్తుందని అడగొద్దు

ఆరోగ్య శాస్త్రాల్లో పీజీలోనో పీహెచ్‌డీలోనో చేరిన పిల్లలకి ఇంట్లోనూ హాస్టల్లోనూ దొరికే డబ్బు సలహాలన్నీ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. ఎక్కువ ఇచ్చే ఫెలోషిప్ పట్టు, అప్పు జోలికి పోకు, వచ్చింది వచ్చినట్టు దాచు, ఖాళీ దొరికితే ఏదో ఒక పని చేసుకో, ఆఫీసు వాళ్ల వెంట పడకు. వినడానికి అన్నీ మంచి మాటలే. ఫార్మసీ పీజీ పిల్లలకి పాఠాలు చెబుతూ, వాళ్ల నెలవారీ హాజరు కాగితాల మీద సంతకాలు పెడుతూ నేను చూసినదాన్ని బట్టి, వీటిలో చాలావాటిని తలకిందులు చేసి పాటిస్తేనే పిల్లలు చదువు పూర్తి చేసుకుని బయటపడుతున్నారు. కింద రాసే మాటలు మొదటిసారి వింటే తప్పుడు సలహాల్లాగే అనిపిస్తాయి. పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

ఏ తేదీన వస్తుందో అడగండి

ముందు అందరికీ తెలిసిన లెక్కలు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. ఇవి 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు. అంతకుముందు 31,000, 35,000 ఉండేవి. జీప్యాట్‌లో అర్హత సాధించి ఎం.ఫార్మసీలో చేరితే నెలకు 12,400 చొప్పున 24 నెలలు. నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలకు 8,000. 2015లో దాన్ని కూడా ఆపేస్తామంటే ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు పిల్లలు చలిలో బైఠాయించి నిలబెట్టుకున్నారు. ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏ ఫెలోషిప్పూ లేకుండా సొంత ఖర్చుతో పరిశోధన చేసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

కౌన్సెలింగ్ దగ్గరా, ఇంటర్వ్యూ దగ్గరా అందరూ పోల్చుకునేది ఈ అంకెలనే. ఆ అంకె ఏ రోజున ఖాతాలో పడుతుందని అడిగేవాళ్లు అరుదు. మొత్తాన్ని ప్రభుత్వం ఒక ఉత్తర్వుతో నిర్ణయిస్తుంది. తేదీని మాత్రం నాలుగైదుగురు మనుషులు నిర్ణయిస్తారు. యూజీసీ ఫెలోషిప్ తీసుకోండి. ఫలానా స్కాలర్ ఈ నెల పనిలో ఉన్నాడని విశ్వవిద్యాలయంలో ఒకరు పోర్టల్లో ఎక్కించాలి. ఆయన్ని మేకర్ అంటారు. దాన్ని ఇంకొకరు ఆమోదించాలి. ఆయన చెకర్. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, బదిలీ అయినా ఆ నెల జారిపోతుంది. జీప్యాట్ స్కాలర్‌షిప్పుకి కాలేజీ ప్రతి నెలా హాజరు ధ్రువీకరించి పంపాలి. ప్రాజెక్టు మీద పనిచేసే జేఆర్‌ఎఫ్ అయితే సంగతి ఇంకా వేరు. గైడు గారు గత ఏడాది ఖర్చుకి యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపితేనే తర్వాతి విడత విడుదల అవుతుంది. అందుకే మార్చి దాటాక ప్రాజెక్టు పిల్లల చేతులు ఖాళీ అవుతుంటాయి.

నాలుగు నెలలు ఒక్క రూపాయి రాకుండా ఐదో నెలలో ఒకేసారి 1,48,000 పడిన పిల్లవాడి బతుకు, ప్రతి నెలా ఐదో తారీకున 25,000 అందుకునేవాడి బతుకు కంటే కష్టంగా ఉంటుంది. మెస్ బిల్లు ఆగదు, గది అద్దె ఆగదు. ఆ నాలుగు నెలల్లో స్నేహితుల దగ్గర చేబదుళ్లు, లోన్ యాప్‌ల అప్పులు పోగుపడతాయి. పెద్ద మొత్తం చేతికొచ్చిన రోజున అందులో సగం వాటికే పోతుంది. పైగా ఆ ఒక్క రోజు ఖాతా నిండుగా కనిపించడం వల్ల ఎన్నాళ్లుగానో వాయిదా వేసుకున్న కొనుగోళ్లన్నీ ఆ వారంలోనే జరిగిపోతాయి.

కాబట్టి చేరే ముందు గైడుని కాదు, అదే పథకంలో రెండో ఏడాది చదువుతున్న సీనియర్‌ని పట్టుకోండి. మూడు సంగతులు అడగండి: ఆఖరిసారి డబ్బు పడింది ఏ నెలకి, ఇప్పటిదాకా వచ్చిన అతిపెద్ద విరామం ఎన్ని నెలలు, ప్రాజెక్టు అయితే ఇంకా ఎన్ని నెలల గడువు ఉంది. పీహెచ్‌డీకి ఐదేళ్లు పడితే ప్రాజెక్టు మూడేళ్లకే ముగుస్తుంది. మూడేళ్ల ప్రాజెక్టులో రెండో ఏడాది చివర చేరేవాళ్లకి 37,000 అన్న మాట పన్నెండు నెలలకే నిజం.

గైడు కంటే ముందు సెక్షన్‌కి వెళ్లండి

చేరిన వారంలో అందరూ గైడు గది చుట్టూ తిరుగుతారు. మీరు పరిపాలనా భవనంలో ఫెలోషిప్ సెక్షన్ ఎక్కడుందో కనుక్కోండి. మీ ఫైలు చూసే డీలింగ్ అసిస్టెంట్ ఎవరో, ఏ తారీకులోపు కాగితం అందితే ఆ నెల బిల్లులో పేరు ఎక్కుతుందో అడిగి రాసుకోండి. మర్యాదగా పలకరించండి, పేరు చెప్పండి, కాగితం ఇచ్చిన ప్రతిసారీ రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆఫీసు వాళ్లని ఇబ్బంది పెట్టకూడదని పెద్దవాళ్లు చెబుతారు. ముద్ర వేయమని అడగడం ఇబ్బంది పెట్టడం కాదు. "సార్ లేరమ్మా, రేపు రా" అన్న మాట విని వెనక్కి వచ్చే అమ్మాయికీ, ముద్ర వేసిన కాపీ చేతిలో ఉన్న అమ్మాయికీ ఆరు నెలల తర్వాత తేడా కనిపిస్తుంది. మొదటి అమ్మాయి కాగితం మళ్లీ మొదటి నుంచి ఇవ్వాల్సి వస్తుంది.

జేఆర్‌ఎఫ్ నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారే విషయంలో ఇది మరీ ముఖ్యం. రెండేళ్లు నిండగానే పెరిగిన మొత్తం దానంతటదే రాదు. గైడు, విభాగాధిపతి, బయటి నిపుణుడు ఉన్న ముగ్గురి కమిటీ కూర్చుని పని బాగుందని రాయాలి. ఆ కాగితం సెక్షన్‌కి చేరాలి, పోర్టల్లోకి ఎక్కాలి. బయటి నిపుణుడి తీరిక దొరకడానికే రెండు నెలలు పడుతుంది. ఇరవయ్యో నెల నుంచే గైడుకి గుర్తుచేయడం మొదలుపెట్టండి. ఇరవై నాలుగో నెలలో గుర్తుచేస్తే నెలకు 5,000 చొప్పున బకాయి పడుతూ పోతుంది.

కంటింజెన్సీ గ్రాంటు గురించి కూడా మొదటి నెలలోనే అడగండి. యూజీసీ జేఆర్‌ఎఫ్‌కి సైన్సు విభాగాల్లో మొదటి రెండేళ్లు ఏడాదికి 12,000, తర్వాత ఏడాదికి 25,000 ఉంటుంది. రసాయనాలు, పుస్తకాలు, నమూనాల రవాణా, థీసిస్ టైపింగు లాంటివాటికి అది పనికొస్తుంది. బిల్లు ఉంటేనే చెల్లుతుంది. బిల్లు వద్దనుకుంటే పది శాతం తక్కువకిస్తానన్న దుకాణంలో కొంటే ఆ ఖర్చు మీ జేబులోంచే పోయినట్టు.

కొత్త ఖాతా తెరవొద్దు

క్యాంపస్‌లో బ్యాంకు స్టాల్ పెట్టగానే, జీరో బ్యాలెన్స్ అనగానే ఇంకో ఖాతా తెరిచేస్తారు. అక్కడ ఆధార్ వేలిముద్ర వేసిన క్షణంలో సంగతి మారిపోవచ్చు. ఆధార్ ఆధారంగా జరిగే ప్రభుత్వ చెల్లింపులు మీరు ఫారంలో రాసిన ఖాతాకి కాకుండా, చివరగా ఆధార్‌తో మ్యాప్ అయిన ఖాతాకి వెళ్తాయి. డబ్బు రాలేదని మూడు నెలలు తిరిగి, చివరికి ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో దాన్ని కనుక్కున్న పిల్లలు నాకు తెలుసు. ఒక్క ఖాతా చాలు. అది మీ ఒక్కరి పేరు మీదే ఉండాలి, అమ్మతోనో నాన్నతోనో జాయింటుగా ఉండకూడదు. జమకి పరిమితి ఉన్న చిన్న ఖాతా అయితే ముందే మామూలు సేవింగ్స్ ఖాతాగా మార్పించుకోండి.

మొదటి ఏడాది దాచొద్దు

దాచుకోవద్దంటే ఖర్చుపెట్టమని కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్లో, రికరింగులో, చీటీలో, మూడేళ్ల తాళం ఉన్న ఏ పథకంలోనూ మొదటి ఏడాది డబ్బు కట్టేయకండి. ముందు మూడు నెలల మెస్ బిల్లు, గది అద్దె, ఇంటికి రానూపోనూ చార్జీలు కలిపి ఒక మొత్తం లెక్కవేసి, అది సేవింగ్స్ ఖాతాలో ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పెట్టుకోండి. ఫెలోషిప్ విరామం వచ్చినప్పుడు దాన్ని వాడండి, డబ్బు పడగానే మళ్లీ నింపండి. మొదటి నెల నుంచే క్రమశిక్షణగా నెలకు 5,000 చీటీ కడుతున్న కుర్రాడు, మూడు నెలలు ఫెలోషిప్ ఆగగానే ఆ చీటీ వాయిదా కోసం చేబదులు తెచ్చుకుంటాడు. ఏడు శాతం లాభం కోసం పెట్టిన డబ్బుని కాపాడటానికి ముప్పై శాతానికి అప్పు చేయడం పొదుపు ఎలా అవుతుంది?

పెరుగుదలని ముందే ఖర్చుపెట్టే అలవాటు కూడా ఇక్కడే మానాలి. 2023లో ఫెలోషిప్ పెంపు ఉత్తర్వు జూన్ చివర్లో వచ్చింది, అమలు మాత్రం జనవరి నుంచి అన్నారు. ఆ బకాయిలు చేతికి రావడానికి చాలామందికి ఇంకా నెలలు పట్టింది. ఈలోగా వస్తాయన్న ధైర్యంతో ఫోనో బైకో వాయిదాల మీద తీసుకున్నవాళ్లకి ప్రతి నెలా కోత మొదలైంది, బకాయి మాత్రం రాలేదు. ఖాతాలో పడేదాకా పెంపు లేనట్టే బతకండి.

పొలం అమ్మొద్దు, అప్పు చేయండి

నేనిచ్చే సలహాల్లో తల్లిదండ్రుల నుంచి ఎక్కువ అభ్యంతరం వచ్చేది దీనికే. ఎండీకో, ఎండీఎస్‌కో, ఎంపీహెచ్‌కో ప్రైవేటు కాలేజీలో సీటు వస్తే మన ఇళ్లలో మొదట చూసేది పొలం వైపు, తర్వాత అమ్మ మెడలోని బంగారం వైపు, ఆ తర్వాత ప్రోనోటు అప్పు వైపు. బ్యాంకు అప్పు అన్నిటికంటే చివర. ఈ వరసని పూర్తిగా తిరగేయాలి.

అప్పంటే ఒకటే అప్పని మనం అనుకోవడం వల్ల ఈ చిక్కు వచ్చింది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు ఏడాదికి 24 శాతం పడుతుంది. బ్యాంకు విద్యారుణం 10.5 శాతం అన్నారనుకోండి, ఊరి భాషలో అది నూటికి నెలకు 87న్నర పైసలు. బ్యాంకు శాతాల్లో చెబుతుంది కాబట్టి భయం వేస్తుంది, తెలిసినాయన రూపాయల్లో చెబుతాడు కాబట్టి చిన్నదిగా వినిపిస్తుంది. నిజానికి రెండోది మొదటిదానికి రెండింతలకు పైనే. ఇక పొలం ఒకసారి అమ్మితే మళ్లీ ఆ రేటుకి కొనలేరు. పైగా తొందరలో అమ్మినవాడికి మంచి ధర ఎప్పుడూ రాదు. ఫీజు గడువు వారం ఉందని కొనేవాడికి తెలిస్తే చాలు.

బ్యాంకుకి వెళ్లే ముందు నియమాలు తెలుసుకుని వెళ్లండి. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం ప్రకారం 4 లక్షల దాకా తాకట్టు గానీ, మూడో మనిషి పూచీ గానీ అడగకూడదు. 4 నుంచి 7.5 లక్షల దాకా మూడో మనిషి పూచీ అడగవచ్చు, ఆ పైన ఆస్తి తాకట్టు అడగవచ్చు. దరఖాస్తు తిరస్కరించాలంటే పై అధికారి సమ్మతి కావాలి, కారణం చెప్పాలి. "మీది మా బ్రాంచి పరిధి కాదండీ" అని నోటిమాటగా పంపించేస్తే, అదే మాట కాగితం మీద రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలాచోట్ల అక్కడితో ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కూడా చూడండి. జాతీయ ర్యాంకుల్లో ముందున్న ఎంపికైన సంస్థల్లో సీటు వచ్చినవాళ్లకి తాకట్టు, పూచీ లేకుండా రుణం ఇవ్వాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా రుణం మీద చదువు కాలపు వడ్డీలో 3 శాతం రాయితీ వస్తుంది. అయితే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్పో వడ్డీ రాయితీయో పొందుతున్నవాళ్లకి ఈ రాయితీ రాదు. రెండూ వస్తాయని లెక్క వేసుకుని తర్వాత చిక్కుల్లో పడకండి.

ఇప్పుడు ఇంకో తలకిందుల మాట. చదువయ్యాక కట్టొచ్చని బ్యాంకు చెప్పినా, చదువుతుండగానే కట్టడం మొదలుపెట్టండి. కోర్సు కాలం, ఆ తర్వాత ఏడాది మారటోరియం అంటారు. ఆ కాలంలో కిస్తీ కట్టక్కర్లేదు గానీ వడ్డీ మాత్రం రోజూ నడుస్తుంది. 10 లక్షలు 10.5 శాతానికి ఒకేసారి తీసుకుని రెండేళ్ల కోర్సు చదివితే, మూడో ఏడాది పూర్తయ్యేసరికి 3,15,000 వడ్డీ అసలులో కలుస్తుంది. అప్పుడు 13,15,000 మీద పదేళ్లకి నెలకు సుమారు 17,700 కిస్తీ. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టి ఉంటే కిస్తీ 13,500. తేడా నెలకు 4,200 పైచిలుకు, పదేళ్లలో 5 లక్షలకు పైన. చదువు కాలంలో నెలకు 8,750 కట్టగలిగితే సరే. లేకపోతే అందులో సగమైనా కట్టండి. వడ్డీ పూర్తిగా ఎప్పటికప్పుడు కట్టినవాళ్లకి ఒక శాతం వడ్డీ తగ్గించే వీలు ఆ నమూనా పథకంలోనే ఉంది. దాన్ని అడిగి తీసుకోవాలి, ఎవరూ పిలిచి ఇవ్వరు.

రుణం కట్టే వాళ్లకి ఆదాయపు పన్నులో పాత పద్ధతి కింద వడ్డీ మొత్తానికి ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. కొత్త పద్ధతి ఎంచుకుంటే అది లేదు. నాన్న ఉద్యోగస్థుడై, రుణం ఆయన పేరు మీదే ఉంటే ఈ లెక్క ముందే చూసుకోండి. రెండు రూపాయల ప్రోనోటుకీ, చీటీకీ ఈ మినహాయింపు వర్తించదు.

ఖాళీ సమయంలో సంపాదించొద్దు

ఫార్మసీ పిల్లలకి బయట వచ్చే సలహాల్లో అన్నిటికంటే చెడ్డది ఒకటుంది. బీ.ఫార్మసీ సర్టిఫికెట్ మెడికల్ షాపుకి అద్దెకిచ్చేయ్, నెలనెలా కూర్చున్నచోటే డబ్బులొస్తాయి, ఎం.ఫార్మసీ చదువుకోవచ్చు అంటారు. సీనియర్లే చెబుతారు, బంధువులూ చెబుతారు. వద్దు. 1948 నాటి ఫార్మసీ చట్టంలోని సెక్షన్ 42 ప్రకారం నమోదైన ఫార్మసిస్టు తప్ప మరొకరు మందు ఇవ్వకూడదు. మీ పేరు గోడ మీద ఫ్రేములో ఉంటుంది. కౌంటర్ దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు యాంటీబయాటిక్కులు, నిద్రమాత్రలు ఇస్తుంటాడు. ఒక డోసు పొరపాటు జరిగినా, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినా అక్కడ ఉండేది మీ రిజిస్ట్రేషన్ నంబరే. అంతకంటే పెద్ద సంగతి, ఆ కౌంటర్ ముందు నిలబడే మనిషి. మీరు చదివిన చదువంతా ఆ మనిషికి సరైన మందు సరైన మోతాదులో అందడానికే. నెలకు కొన్ని వేల కోసం ఆ పనిని మీ పేరుతో ఇంకొకరితో చెడగొట్టించడం నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించలేను, ఎంత పేదరికం అయినా సరే.

డబ్బు కోణంలో చూసినా నష్టమే. జీప్యాట్ స్కాలర్‌షిప్, జేఆర్‌ఎఫ్ రెండూ పూర్తికాల విద్యార్థులకే. వేరే చోట జీతం తీసుకుంటున్నట్టు తేలితే అప్పటిదాకా ఇచ్చింది తిరిగి కట్టమంటారు. సాయంత్రం ట్యూషన్లు చెప్పేవాళ్ల విషయం కూడా నియమాలు చూసుకున్నాకే నిర్ణయించుకోండి. ట్యూషన్లకు పోయే రోజుకి మూడు గంటలు థీసిస్ మీద పెట్టి ఆరు నెలలు ముందే ముగిస్తే, ఆ ఆరు నెలల జీతం ముందు ట్యూషన్ డబ్బు చిన్నదే.

ఇచ్చినట్టు చూపి వెనక్కి అడిగితే

మెడికల్ పీజీలకి ఈ ముక్క. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ప్రైవేటు కాలేజీ పీజీకి కూడా ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల పీజీలతో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలి. తెలంగాణలో 2025 జూన్ చివర్లో స్టైపెండ్ 15 శాతం పెంచారు; మొదటి ఏడాది పీజీకి అది 67 వేలు దాటింది. కానీ కొన్ని ప్రైవేటు కాలేజీల్లో డబ్బు ఖాతాలో వేసి నగదుగా వెనక్కి అడగడం, సంతకం చేసిన చెక్కులో ఏటీఎం కార్డులో ముందే తీసుకోవడం జరుగుతుందని విద్యార్థులు రోడ్డెక్కి చెప్పారు. 2025 జులైలో స్టైపెండ్ వివరాలు బయటపెట్టని కాలేజీలకి కమిషన్ నోటీసులు కూడా ఇచ్చింది.

సర్దుకుపోవడమే అందరూ ఇచ్చే సలహా. మూడేళ్లు కళ్లు మూసుకుంటే డిగ్రీ వస్తుందంటారు. నేను సర్దుకోవద్దంటాను, కానీ ఒంటరిగా ఎదురు తిరగొద్దని కూడా అంటాను. ఒక్కరు వెళితే ఆ ఒక్కరికే హాజరు తగ్గుతుంది, పరీక్ష కష్టమవుతుంది. బ్యాచ్ మొత్తం కలిసి, పాస్‌బుక్ నకళ్లతో, ఒకే ఉత్తరం మీద సంతకాలతో వెళ్లాలి. ఖాళీ చెక్కు మీద సంతకం, ఏటీఎం కార్డు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. పన్ను లెక్కలో ఆ స్టైపెండ్ మొత్తం మీ పేరు మీదే కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. టీడీఎస్ కోస్తే ఏడాది చివర ఫారం 26ఏఎస్‌లో చూసుకుని రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోండి. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పుకి ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు ఉంది. పీహెచ్‌డీ ఫెలోషిప్పులకి సాధారణంగా అదే చూపిస్తారు. రోగుల్ని చూస్తూ తీసుకునే రెసిడెంట్ స్టైపెండ్ విషయంలో వివాదాలు ఉన్నాయి కాబట్టి ఒక ఆడిటర్ని అడిగి వేయడం మంచిది.

ఆరో ఏడాది కోసం మొదటి నెలలోనే

పీహెచ్‌డీ చేసేవాళ్లకి నేను చెప్పేవాటిలో ఇది అన్నిటికంటే ముఖ్యం. వినేవాళ్లు కూడా తక్కువే. యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీకి ఆరేళ్లు ఇస్తాయి, మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకి ఆగిపోతుంది. జంతువులపై ప్రయోగాలు, రోగుల నమూనాల మీద పనిచేసే చదువుల్లో ఎథిక్స్ కమిటీ అనుమతికే నెలలు పోతాయి. కాబట్టి మీలో చాలామందికి ఆరో ఏడాది తప్పదు. అప్పుడు ఫెలోషిప్ ఉండదు, ఉద్యోగం ఉండదు, పెళ్లి మాటలు మొదలవుతాయి, థీసిస్ సమర్పణ ఫీజు కట్టాలి. ఆ ఏడాదిలోనే చాలామంది చదువు వదిలేసి ఏదో ఒక ఉద్యోగంలోకి వెళ్లిపోతారు. పూర్తవడానికి రెండు అధ్యాయాల దూరంలో.

మొదటి ఏడాది తాళం వేసే పొదుపు వద్దన్నాను. ఈ ఒక్క మొత్తం అప్పటి నుంచే పక్కన పెట్టండి. నెలకు 3,000 చొప్పున 60 నెలలకు 1,80,000. హైదరాబాదులో హాస్టల్ వదిలి గది తీసుకున్నా ఆరు నెలలు గడుస్తుంది. మొదటి నెల నుంచే వీలుకాకపోతే, మూడు నెలల విరామపు డబ్బు నిండాక దీన్ని వేరుగా పెట్టడం మొదలుపెట్టి, ఆలస్యమైన నెలలకి తర్వాత రెండింతలు వేస్తే సరిపోతుంది.

ఆడపిల్లలు ఇంకో సంగతి గమనించాలి. పీహెచ్‌డీ కాలంలో 240 రోజుల దాకా ప్రసూతి సెలవు ఆ యూజీసీ 2022 నిబంధనల్లోనే ఉంది. గడువులో రెండేళ్ల సడలింపు కూడా ఉంది. సెలవు సమయంలో ఫెలోషిప్ ఎలా వస్తుందన్నది మీ పథకాన్ని బట్టి మారుతుంది కాబట్టి, సెలవు పెట్టే ముందే సెక్షన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఎవరో వెళ్లి చూసొస్తారులే అని వదిలేస్తే, పురిటి బిడ్డతో సెక్షన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇంట్లో అంకె చెప్పండి

"నాన్నా, ఈ నెల పడ్డాయా?" అని అమ్మ ఫోన్ చేస్తే చాలామంది పడ్డాయనే చెబుతారు. పడకపోయినా. ఇంట్లో కంగారు పడతారని. ఆ మాట నమ్మి తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజుకి మీ మీద ఆధారపడతారు, చుట్టాల్లో మా అబ్బాయికి నెలకు 37 వేలని చెబుతారు. అప్పుడు మీరు లోన్ యాప్ తెరుస్తారు. గుట్టుగా ఉంచడం గౌరవం అనుకుంటాం గానీ, ఇక్కడ గుట్టే అప్పుకి దారి. ఖాతా స్టేట్‌మెంటు ప్రింటు తీసి పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకి చూపించండి. ఏ నెలలో పడింది, ఏ నెలలో పడలేదు, వేలు పెట్టి చూపండి.

ఇంటికి పంపాలనుకుంటే అడిగినంత పంపొద్దు. ఒక చిన్న మొత్తం నిర్ణయించి అదే పంపండి, బకాయి పడిన నెలల్లో ఆపేస్తానని ముందే చెప్పండి. తమ్ముడి ఫీజు పూర్తిగా నేను కడతాను అన్న హామీ ఫెలోషిప్ మీద ఇవ్వకండి. మీ మాట మీదే వాడి సెమిస్టరు ఆధారపడితే, సెక్షన్‌లో ఒక సెలవు చీటీ వల్ల ఇద్దరి చదువూ ఆగుతుంది.

ఉద్యోగం వచ్చిన రోజున

ఆఫర్ లెటర్ వచ్చిందని సంతోషంలో ఫెలోషిప్ సంగతి మర్చిపోతారు. కొందరు ఆ నెల డబ్బు కూడా పడనీ అని ఊరుకుంటారు. ఉద్యోగంలో చేరే తేదీ రాసి, ఫలానా తేదీ నుంచి ఫెలోషిప్ ఆపమని గైడు సంతకంతో సెక్షన్‌కి ఉత్తరం ఇవ్వండి. పోర్టల్లో పేరు అలాగే ఉండిపోయి ఒక నెల ఎక్కువ పడితే ఖర్చుపెట్టకుండా వెంటనే తిరిగి కట్టి, ఆ రసీదు జాగ్రత్త చేసుకోండి. నో డ్యూస్ ఫారం మీద అకౌంట్స్ వాళ్లు చివరగా చూసేది దాన్నే. అది తేలకపోతే డిగ్రీ సర్టిఫికెట్ ఆగుతుంది, కొత్త ఉద్యోగంలో ఒరిజినల్స్ ఇవ్వమన్న గడువు మాత్రం ఆగదు. హాస్టల్ కాషన్ డిపాజిట్, లైబ్రరీ డిపాజిట్, రావాల్సిన ఎస్‌ఆర్‌ఎఫ్ బకాయిలు, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) తేడాలు ఒక కాగితం మీద రాసి ఊరు వదిలే ముందే దరఖాస్తు పెట్టండి. ఆ ఫెలోషిప్ ఖాతాని కనీసం ఏడాదిన్నర పాటు మూయకండి. బకాయిలు వచ్చేది ఆ ఖాతాకే.